గుమ్మడికాయ తొడుక్కున్న జాంబీ

“మామయ్యా, దీనికి కళ్ళు గీయలేదేం?”

ఎర్రగడ్డ రైతు బజార్ నుంచి తెచ్చిన బూడిద గుమ్మడికాయకు పసుపు రాసి బొట్లు పెడుతున్నాను, గుమ్మానికి కట్టడానికి. పక్కన మా మేనకోడలు. తొమ్మిదేళ్లు. దాని లోకమంతా మైన్‌క్రాఫ్ట్ అనే వీడియో గేమ్.

అక్టోబర్ 31న ఆ ఆటలో కొన్ని జాంబీలు, అంటే నడిచే శవాలు, గుమ్మడికాయలు తలకు తొడుక్కుని తిరుగుతాయి. ఎందుకో ఇవాళ మేనకోడలి నోట తెలిసింది.

ఒక జాంబీ ఉండేదట. తెల్లవారితే చాలు, ఎండకు ఒళ్లంతా మంటలు. ఒక రాత్రి ఏడుస్తూ వెళ్లి రైతు తలుపు తట్టింది. ఆ ఊరివాళ్లకు మాటలు రావు, “హ్మ్” అనడమే వచ్చు. రైతు జాలిగా “హ్మ్” అని ఒక గుమ్మడికాయ తొలిచి దాని నెత్తిన పెట్టాడు. మర్నాడు ఊరి చుట్టుపక్కల జాంబీలన్నీ గుమ్మం ముందు బారులు తీరాయి! కాయలు అయిపోయాయి. మిగిలినవాటికి తలా ఒక బిస్కెట్ ఇచ్చి పంపాడు.

“అదే హాలోవీన్.”

నవ్వు ఆపుకోలేక కుంకుమ భరిణె ఒలకబోశాను. ఆటలో నిజంగానే తలపై గుమ్మడికాయ ఉన్న జాంబీ ఎండకు కాలదు. ఆ చిన్న నియమం నుంచి ఇంత కథ అల్లింది!

హాలోవీన్ దీపాలకు ఐర్లాండ్‌లో ముందు టర్నిప్ దుంపలు చెక్కేవారని, అమెరికా చేరాకే గుమ్మడికాయ వచ్చిందని చెప్పాను. ఓపిగ్గా వింది.

“దుంపలో తల పట్టదు కదా మామయ్యా.”

కాయను ఉట్టిలో పెట్టేలోపే కాటుకతో రెండు కళ్ళు గీసేసింది. వెనకవైపు, ఇంట్లోకి చూసేలా.