నాథన్ రోడ్డు మీద మంచినీళ్లు

2019లో నేను హాంకాంగ్‌లో, కౌలూన్ వైపు ఒక కంపెనీలో పనిచేసేవాణ్ని. నిందితులను చైనాకు అప్పగించే వీలు కల్పించే బిల్లుకు వ్యతిరేకంగా జూన్ 9న జనం రోడ్డెక్కారు. నిర్వాహకుల లెక్కలో పది లక్షల మంది. వారం తిరిగేసరికి ఇరవై లక్షలన్నారు, పోలీసులు 3,38,000 అన్నారు.

తెలంగాణ ఉద్యమం చూసి వచ్చినవాణ్ని నేను. మాకు ఉద్యమమంటే ఒక జేఏసీ, దానికో కన్వీనర్, బంద్ పిలుపు, మర్నాడు పేపర్లో కార్యాచరణ. అక్కడ పెద్ద ర్యాలీలకు అనుమతి అడిగే సంస్థ ఒకటుండేది గానీ, రోజువారీ నిర్ణయాలు దాని చేతిలో ఉండేవి కావు. ఎల్ఐహెచ్‌కేజీ అనే ఆన్‌లైన్ ఫోరమ్‌లో పేరు తెలియని ఎవరో ఒక ఆలోచన రాసేవారు. జనం ఓట్లేసేవారు. పైకి తేలిందే మర్నాటి కార్యక్రమం. పోలీసులు ఏ వీధిలో ఉన్నారో, ఏ స్టేషన్ మూతపడిందో టెలిగ్రామ్ గ్రూపుల్లో నిమిషాల మీద తెలిసిపోయేది. మెట్రోలో కూర్చుంటే ముక్కూమొహం తెలియనివాళ్ల పోస్టర్లు దగ్గరలోని ఐఫోన్ల మధ్య ఫైళ్లు పంపే ఎయిర్‌డ్రాప్‌లో వచ్చిపడేవి. అన్నీ ఫోనులోనే నడిపే ఆ కుర్రవాళ్లు టికెట్ యంత్రం దగ్గర మాత్రం చిల్లర పట్టుకుని బారులు తీరేవారు. మెట్రో, బస్సు చార్జీలు కట్టే ఆక్టోపస్ కార్డు వాడితే ఎక్కడ ఎక్కారో, ఎక్కడ దిగారో జాడ మిగిలిపోతుందని.

మా వీసా ఉద్యోగంతో ముడిపడి ఉంది. కాగితం మీద ఎవరూ పెట్టలేదు గానీ, ఫేస్‌బుక్‌లో ఏమీ రాయవద్దని ఆఫీసులో పెద్దవాళ్లు చెవిన వేశారు. నేను లైకులు కూడా మానేశాను. అమ్మ మాత్రం ఎవరో పంపిన వీడియో చూసి, “ఊరంతా తగలబడుతోందట కదరా నాన్నా?” అని ఫోను చేసేది. అప్పుడు నేను నాథన్ రోడ్డు మీద దక్షిణాసియావాళ్ల దుకాణాలుండే చుంకింగ్ మాన్షన్స్ భవనంలో కరివేపాకు కొంటూ ఉండేవాణ్ని.

ఆ కరివేపాకు దుకాణానికే ముప్పొచ్చింది. అక్టోబరు 16 రాత్రి, పెద్ద ర్యాలీలకు అనుమతి అడిగే ఆ సంస్థ కన్వీనర్ జిమ్మీ షామ్‌ను మాంగ్‌కాక్‌లో కొందరు సుత్తులతో కొట్టారు. కొట్టినవాళ్లు దక్షిణాసియావాళ్లలా ఉన్నారన్న మాట ఫోన్లలో పాకింది. దక్షిణాసియా అంటే వాళ్ల కంటికి పాకిస్తానీ, నేపాలీ, బెంగాలీ, కరీంనగర్‌వాడు అంతా ఒకటే. ప్రతీకారంగా కౌలూన్ మసీదు మీద, చుంకింగ్ మాన్షన్స్ మీద పడాలని పోస్టులు వచ్చాయి. మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఆ స్క్రీన్‌షాట్లు చూసి, పిల్లలున్నవాళ్లు ఆ ఆదివారం ఆ రెండూ ఉన్న సిమ్‌షాసుయ్ వైపు వెళ్లకూడదనుకున్నారు.

అయితే అదే ఫోరమ్‌లో ఎదురు పోస్టులూ మొదలయ్యాయి. వాళ్లూ మన హాంకాంగ్‌వాళ్లే, ఆ భవనాల జోలికి వెళ్లవద్దని. షామ్ కూడా అదే మాట చెప్పారు. 20వ తేదీన ఊరేగింపు నాథన్ రోడ్డు మీదుగా వచ్చినప్పుడు చుంకింగ్ మాన్షన్స్ ముందు మనవాళ్లు నిలబడి నీళ్ల సీసాలు పంచారు, పాటలు పాడారు. ఊరేగింపులోనివాళ్లు చప్పట్లు కొట్టారు. విచిత్రమేమిటంటే, ఆ రోజు మసీదు గేటు మీద నీలిరంగు నీళ్లు కొట్టింది పోలీసుల వాహనం. తుడవడానికి చుట్టుపక్కల జనం గుడ్డలు పట్టుకుని వచ్చారు. మర్నాడు అప్పటి హాంకాంగ్ ప్రభుత్వాధినేత క్యారీ లామ్ స్వయంగా మసీదుకు వెళ్లి క్షమాపణ చెప్పారు.

నాలుగు రోజుల్లో నన్ను అనుమానితుణ్ణి చేసిందీ, మళ్లీ పొరుగువాణ్ణి చేసిందీ ఆ ఫోన్లే. ఆ ఓటింగులో నా ఓటు లేదు, ఉన్నా వేసేవాణ్ని కాను. గాలి ఇటు తిరిగిందని నమ్మి సంబరపడ్డ మిత్రులున్నారు. నాకు మాత్రం ఆ నీళ్ల సీసాలు పంచినవాళ్ల మీదే నమ్మకం. పోస్టులు ఎటు తిరుగుతాయో తేలకముందే రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డారు వాళ్లు.

2020 జూన్ 30న, వేర్పాటువాదం, ప్రభుత్వాన్ని కూలదోయడం లాంటివాటిని నేరాలుగా చేస్తూ చైనా తెచ్చిన జాతీయ భద్రతా చట్టం వచ్చింది. ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయి తన ఫేస్‌బుక్ ఖాతా మూసేసి, ఏడాదిగా నాకు పంపిన సందేశాలు కూడా చెరిపేయమంది. “నీ వీసా కోసం కూడా” అంది. టెలిగ్రామ్ గ్రూపు నడుపుతున్నాడని ఒక యువకుణ్ణి 2019 జూన్‌లోనే అరెస్టు చేసిన సంగతి మా వాట్సాప్ గ్రూపు అడ్మిన్‌కు అప్పుడు గుర్తొచ్చింది. పాత గ్రూపు రద్దు చేసి, దీపావళి భోజనాలకని కొత్తది తెరిచాడు. దానికి అడ్మిన్‌గా ఉండమంటే ఎవరూ ముందుకు రాలేదు.