157

“చార్జి మొత్తం కూడి చూశావా?”

గురువారం మీటింగ్‌లో నా మూడో స్లైడ్ దగ్గరే మా గ్రూపు సీనియర్ అడిగాడు. చూడలేదన్నాను. “అయితే ఇది తప్పు. మిగతావి చూపించక్కర్లేదు” అన్నాడు. పదకొండు మంది ముందు.

ఫ్రాంక్‌ఫర్ట్ వచ్చి రెండేళ్లయింది. ఇక్కడ నా పని కంప్యూటర్లో బంగారు కేంద్రకాలను ఢీకొట్టించడం. పక్కనే డార్మ్‌స్టాట్‌లో హేడ్స్ ప్రయోగం వాళ్లు 2012లో నిజంగానే ఢీకొట్టించారు, ఒక్కో న్యూక్లియాన్‌కి (అంటే ప్రోటాన్‌కి లేదా న్యూట్రాన్‌కి) 1.23 గిగా ఎలక్ట్రాన్‌వోల్టులతో. ఆ తాకిడిని మా ట్రాన్స్‌పోర్ట్ కోడ్ అనే ప్రోగ్రాం కణం వెంట కణాన్ని పట్టుకుని నడుపుతుంది. క్రాస్ సెక్షన్, అంటే ఢీకొనే అవకాశాన్ని చెప్పే వైశాల్యం, 40 మిల్లీబార్న్ అయితే, రెండు కణాలు 1.1 ఫెర్మీల (కేంద్రకాల కొలతకి వాడే అతి చిన్న దూరం) లోపుకి వస్తే ఢీకొన్నట్టు లెక్క. డెల్టాలనే క్షణంలో పోయే కణాలు పుడతాయి, విడిపోతాయి, పయాన్లనే తేలిక కణాలు బయటపడతాయి. ఎన్ని పుట్టినా ఒక్కటి మారకూడదు, మొత్తం విద్యుత్ చార్జి: కేంద్రకానికి 79 ప్రోటాన్లు, కాబట్టి రెండిటికీ 158. నాకు కొన్ని ఈవెంట్లలో (ఒక్కో తాకిడి ఒక ఈవెంటు) 157 వచ్చింది. డెల్టా లాంటిదే, బరువైన ఒక రెజొనెన్స్ విడిపోయే పట్టికలో పాజిటివ్ పయాన్‌కి బదులు చార్జి లేని పయాన్ కొట్టాను, అంతే.

తప్పు నాదే, కాదనను. కానీ అలాగా చెప్పడం? మా నాన్నది కిరాణా కొట్టు. గల్లాపెట్టె, చిట్టా సరిపోలితే గానీ షట్టర్ దించేవాడు కాదు. గుమాస్తా లెక్క తప్పితే బేరాలకొచ్చిన వాళ్ల ముందు మాత్రం ఒక్క మాట అనేవాడు కాదు. అందరూ వెళ్లాక బస్తాల వెనక నిలబెట్టి అనేవాడు, అది కూడా చాలా ఘాటుగా.

చిత్రం ఏమిటంటే, గంట తర్వాత క్యాంటీన్‌లో ఈ పెద్దమనిషే నా కోసం కుర్చీ లాగి, “సూప్‌లో గొడ్డు మాంసం ఉంది, చూసుకో” అన్నాడు. మొహంలో ఏమీ లేదు. జాలి పడుతున్నాడా, సర్దుకుంటున్నాడా అని వారం రోజులు బుర్ర పాడుచేసుకున్నాను. అతనికి అసలు గుర్తే లేదని తర్వాత తెలిసింది.

ఇప్పుడు ప్రతి ఈవెంటు చివరా 158 రాకపోతే ప్రోగ్రాం ఆగిపోయేలా నాలుగు లైన్లు రాసుకున్నాను.

మొన్న గురువారం కొత్తగా చేరిన కుర్రాడి గ్రాఫ్‌లో తప్పు కనబడింది. మీటింగ్ అయ్యేదాకా నోరు మూసుకుని, కారిడార్‌లో పక్కకి పిలిచి మెల్లగా చెప్పాను.

“లోపలే చెప్పొచ్చుగా,” అన్నాడు కాస్త విసుగ్గా, “అందరూ వినేవాళ్లు.”