బంతి పడకముందే చెప్పాలి

ఆదివారం. పొద్దున్నుంచీ ముసురు, బయటికి వెళ్ళే పని లేదు. భోజనమయ్యాక 2001 వరల్డ్ సిరీస్ (అమెరికా బేస్‌బాల్ ఫైనల్) ఏడో ఆట ఆఖరి ఇన్నింగ్స్ పెట్టుకున్నాను, టిమ్ మెకార్వర్ వ్యాఖ్యానం వినాలని.

అరిజోనా డైమండ్‌బ్యాక్స్, న్యూయార్క్ యాంకీస్ చెరి 2 పరుగులు. తొమ్మిదో ఇన్నింగ్స్ రెండో సగం, అరిజోనా బ్యాటింగ్, ఒక ఔట్, మూడు బేస్‌లమీదా రన్నర్లు. ఒక్క పరుగొస్తే అరిజోనాదే ట్రోఫీ. నేలబారు బంతి దొరికితే వెంటనే హోమ్‌కి (బ్యాటర్ నిలబడే, పరుగు పూర్తయ్యే చోటికి) విసరాలని యాంకీస్ ఇన్‌ఫీల్డర్లను (బేస్‌ల దగ్గరుండే ఫీల్డర్లను) ముందుకు జరిపారు. పిచర్ (బంతి వేసేవాడు) మరియానో రివెరా, బ్యాటర్ ఎడమచేతి వాటం లూయిస్ గొంజాలెజ్. అప్పుడు మెకార్వర్ హెచ్చరించాడు: రివెరా బంతి ఎడమచేతివాళ్ళ ఒంటిమీదికి వస్తుంది, బ్యాట్ విరిగి బంతి ఇన్‌ఫీల్డ్ వెనక కొద్ది దూరంలో పడుతుంటుంది, ఇతను వేస్తున్నప్పుడు ఫీల్డర్లను ముందుకు తేవడంలో ప్రమాదం అదే అని. మరుసటి బంతికే గొంజాలెజ్ కొట్టింది షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య ఫీల్డర్) డెరెక్ జీటర్ తలమీదుగా వెళ్ళి అక్కడే పడింది. సిరీస్ అయిపోయింది.

మాజీ ఆటగాడికి మైకు ఇచ్చేది ఇందుకే అని నా గట్టి నమ్మకం. జరిగాక రీప్లే చూసి ఎవరైనా చెబుతారు. మెకార్వర్ 1959 నుంచి 1980 దాకా ఆడిన క్యాచర్, అంటే బ్యాటర్ వెనక కూర్చుని పిచర్ బంతులు పట్టేవాడు. బాబ్ గిబ్సన్, స్టీవ్ కార్ల్‌టన్ బంతులు పట్టినవాడు. ఫీల్డింగ్ జట్టులో మైదానమంతా ఎదురుగా కనిపించేది క్యాచర్‌కే. ఏ బంతి వేస్తే ఎటు పోతుందో, ఎవరెక్కడ నిలబడాలో లెక్క వేసుకోవడం అతని రోజువారీ పని. కామెంటరీ బాక్సులో పనికొచ్చేదీ ఆ లెక్కే.

ఆటగాళ్ళు అక్కడ తడబడే చోట్లు దాదాపు ఒకటే. కళ్ళు మానిటర్‌కి అతికిపోతాయి. కెమెరా పిచర్నీ బ్యాటర్నీ చూపిస్తుంది తప్ప, అవుట్‌ఫీల్డర్ (బేస్‌లకి వెనక దూరంగా ఉండే ఫీల్డర్) నాలుగడుగులు పక్కకి జరిగిన సంగతి చూపించదు. దానికి కిటికీలోంచి మైదానాన్నే చూడాలి. పాత సహచరుణ్ణి తప్పుపట్టడానికి నోరు రాదు. అన్నిటికన్నా పెద్ద చిక్కు సమయం. 2023లో పిచ్ క్లాక్ వచ్చింది: బేస్‌లు ఖాళీగా ఉంటే 15 సెకన్లు, రన్నర్లుంటే 20, ఆ 20ని 2024లో 18 చేశారు. ఆ లోపల పిచర్ బంతి వేయడం మొదలుపెట్టాలి. అందులో ప్లే-బై-ప్లే (ఎప్పటికప్పుడు ఏం జరుగుతోందో) చెప్పేవాడు బాల్స్, స్ట్రైక్స్ (బ్యాటర్‌కి పడ్డ చెడ్డ, మంచి బంతుల) లెక్క చెప్పగా విశ్లేషకుడికి మిగిలేది ఒక్క వాక్యం. రెండో వాక్యం మొదలెడితే కొట్టిన బంతిమీద ఇద్దరి గొంతులూ పడతాయి.

రేడియోలో ప్లే-బై-ప్లే ఇంకా కష్టం. అక్కడ ఆట తెలిసినంత మాత్రాన గట్టెక్కలేరు, అందుకే బాబ్ యూకర్ అంటే నాకు అంత గౌరవం. ఆటగాడిగా అంతంతమాత్రమే: ఆరు సీజన్లలో 297 ఆటలు, .200 బ్యాటింగ్ సగటు, 14 హోమ్ రన్లు (బంతి అవుట్‌ఫీల్డ్ గోడ దాటే కొట్లు). అతనూ క్యాచరే. 1971లో మిల్వాకీ బ్రూవర్స్ జట్టు రేడియోలో కూర్చుని 2024 సీజన్ దాకా చెప్పాడు. 2025 జనవరిలో పోయాడు. కారు నడుపుతూ అప్పుడే రేడియో పెట్టినవాడికి స్కోరు, ఔట్లు, ఏ బేస్‌మీద ఎవరున్నారో చెప్పాలి, మళ్ళీ మళ్ళీ చెప్పాలి. ఆటగాడు కాని పాతతరం దిగ్గజం రెడ్ బార్బర్ ఇది మర్చిపోకుండా మూడు నిమిషాల ఇసుక గడియారం ఎదురుగా పెట్టుకునేవాడు. ఇసుక జారగానే స్కోరు చెప్పి తిరగేసేవాడు.

గాల్లోకి లేచిన బంతి సంగతి మరొకటి. బంతినే చూస్తే ప్రతిదీ హోమ్ రన్‌లాగే ఉంటుంది, గొంతు ముందే లేచిపోతుంది, తీరా ఫీల్డర్ గోడకి చాలా ఇవతలే పట్టేస్తాడు. అవుట్‌ఫీల్డర్‌ని చూడాలి. వెనక్కి తిరిగి పరిగెత్తుతుంటే ఒక రకం, రెండడుగులు వేసి చేతి తొడుగు పైకెత్తి నిలబడితే ఇంకో రకం. అతని కాళ్ళు ఆగేదాకా వినేవాడికి దిశ, లోతు చెబుతూ పోవాలి, ఫలితం మాత్రం చెప్పకూడదు.