గధేరా ముందు గంటన్నర

గౌరీకుండ్‌లో తెల్లారి ఐదింటికే నడక మొదలుపెట్టాలని అనుకున్నాం. సోన్‌ప్రయాగలో అక్కడికి వెళ్ళే జీపుల క్యూ దాటేసరికి ఎనిమిదిన్నర. కేదార్‌నాథ్‌కి 16 కిలోమీటర్ల నడక. జూన్‌లో ఈ కొండల్లో పొద్దుటి ఎండకి లోయలో తడిగాలి వేడెక్కి పైకి లేస్తుంది, మధ్యాహ్నానికల్లా మబ్బుగా మారి విరుచుకుపడుతుంది. అది తెలిసీ ఆలస్యంగా బయల్దేరాం.

అమ్మ కండీలో, అంటే వీపున మోసే బుట్టలో కూర్చుంది. మోసే కుర్రాడికి ఇరవై ఏళ్ళు ఉంటాయేమో. భీంబలి దాటాక దారికి అడ్డంగా ఒక గధేరా, అంటే కొండవాగు. మా నెత్తిన ఎండే ఉంది. శిఖరం వెనక ఆకాశం మాత్రం నల్లబడింది. కుర్రాడు కండీ దించేసి నీళ్ళకేసి వేలు చూపించాడు. ఇందాక గులకరాళ్ళు కనిపించిన వాగు టీ రంగులోకి తిరిగింది. పుల్లలు, ఎండుటాకులు, వాటి వెనకే పచ్చి కొమ్మ ఒకటి. నీళ్ళ అడుగున రాళ్ళు ఒకదాన్నొకటి కొట్టుకుంటున్న చప్పుడు.

"మోకాలి లోతు కూడా లేదు, దాటేద్దాం" అన్నాను.

"ఒరేయ్, ఆ అబ్బాయి మాట విను" అంది అమ్మ. అతని భాష ఆవిడకి ఒక్క ముక్క రాదు.

పది నిమిషాలు కాలేదు. ముందు పచ్చి మట్టి వాసన, తర్వాత నేల అదురు, ఆపైన బురద, బండలు, నీళ్ళు కలిసి దిగాయి. వాన మా దాకా వచ్చింది ఆ తర్వాతే, వడగళ్ళతో. మెరుపుకీ ఉరుముకీ మధ్య లెక్కపెట్టాను: మూడు సెకన్లు. అంటే కిలోమీటరు దూరం. చచ్చేంత టెన్షన్.

గంటకి 100 మిల్లీమీటర్లు కురిస్తే క్లౌడ్‌బరస్ట్ అంటారు. మాది అంత వాన కాదనే అనుకుంటున్నాను. 2024 జూలై 31 రాత్రి కురిసినది ఇదే దారిని చాలాచోట్ల కోసేసింది. ఇంకాస్త పైన రాంబాడా ఉండేది. 2013 జూన్ వరదలో ఊరికి ఊరే పోయింది.

గంటన్నరకి నీళ్ళు తగ్గాయి. నేను కాలు పెడదామన్న చోట నడుమెత్తు బండ కూర్చుని ఉంది. దాన్ని చుట్టి దాటాం. రాత్రి లించోలీలో టెంటులో పడుకున్నాం.

మర్నాడు దర్శనం బాగా జరిగింది. గుడి వెనక భీమశిల దగ్గర అమ్మ చాలాసేపు నిలబడింది. 2013లో కొట్టుకొచ్చి, వరదని రెండుగా చీల్చి గుడిని కాచిందని భక్తులు మొక్కే బండ అది.

"నిన్న మనం చూసింది దీని పిల్లరా" అంది.