ఉల్లిపొరలో నీటి రాకపోకలు

ఈరోజు సూక్ష్మదర్శినిలో ఎర్ర ఉల్లిపాయ పైపొరను చూస్తూ, కవర్‌స్లిప్ అంచున ఒక చుక్క గాఢమైన ఉప్పునీరు వేశాను. కొద్ది నిమిషాల్లోనే, అప్పటిదాకా కణం నిండా పరుచుకుని ఉన్న ఊదారంగు నెమ్మదిగా కణకవచాన్ని, అంటే కణం బయటి గట్టి గోడను, వదిలి లోపలికి ముడుచుకుపోవడం చూసి, చాలాసేపు కన్ను పక్కకు తిప్పలేకపోయాను. మంచినీటితో కడిగితే ఆ రంగు మళ్లీ అంచుల దాకా విప్పారింది. ద్రవాభిసరణ (పలుచని పొర గుండా నీరు గాఢత ఎక్కువున్న వైపుకు సాగడం) అనే మాటను పరీక్షల్లో ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు గానీ, అది జరుగుతుండగా చూడటం ఇదే మొదటిసారి.

నీరు ఇంత సులువుగా దాటిన కణత్వచం, అంటే కణకవచానికి లోపల కణాన్ని చుట్టి ఉండే పలుచని పొర, మందం సుమారు 7 నానోమీటర్లు మాత్రమే. ఆ కొవ్వు పొరలోంచి కొంత నీరు తనంతట తానే జారిపోతుంది. అయితే ఎన్నో కణాల్లో నీటి కోసమే ఆక్వాపోరిన్లనే ప్రోటీన్ మార్గాలు ఉంటాయి. వాటిని కనుగొన్నందుకు పీటర్ ఆగ్రేకు 2003లో రసాయన శాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. వాటిలోంచి నీటి అణువులు వరుసగా సాగిపోతాయి గానీ ప్రోటాన్లు మాత్రం దాటలేవు; నాకు అన్నిటికన్నా అబ్బురంగా తోచేది ఈ నిక్కచ్చితనమే.

సోడియం సంగతి వేరు. జంతుకణాల్లో ఒక పంపు, కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువును ఒక్కొక్కటిగా ఖర్చుచేస్తూ, 3 సోడియం అయాన్లను బయటికి నెట్టి 2 పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. నేను ఈ వాక్యం రాస్తున్నప్పుడు కూడా నా నాడీకణాలు తమ శక్తిలో పెద్ద భాగాన్ని ఈ పనికే వెచ్చిస్తున్నాయి.

స్లైడు ఇంకా బల్లమీదే ఉంది. రేపు చక్కెర నీటితో చూడాలి.