మా పెద్దమామయ్య మూడుసార్లు నేర్చుకున్న సర్జరీ

గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి అమెరికా వెళ్ళిన డాక్టర్ల ప్రస్తావన వస్తే, వాళ్ళు కట్టించిన భవనాల గురించి, ఇచ్చిన విరాళాల గురించే మన ఊళ్ళో ఎక్కువగా మాట్లాడుకుంటాం. ఆ విరాళాలు చిన్నవి కావు. వాటివల్ల రోగులకు కలిగిన మేలును సర్జరీ పీజీగా నేను రోజూ చూస్తూనే ఉన్నాను. అయితే, ఇక్కడ సర్జన్ అనిపించుకున్న మనిషి అక్కడ మళ్ళీ మొదటి మెట్టు దగ్గర నిలబడవలసి వచ్చిన సంగతి ఎవరూ చెప్పరు. మా పెద్దమామయ్య జీవితంలోని ఆ భాగాన్ని ఆయన అనుమతితోనే రాస్తున్నాను.

1946లో మొదలైన ఆ కాలేజీలో ఆయన 1960లలో చేరారు. హౌస్ సర్జన్సీ, సర్జరీలో పీజీ అయిన ఎం.ఎస్. రెండూ ఇక్కడే పూర్తిచేశారు. చిన్నపేగు మొదట్లో వచ్చే పుండు (డుయోడినల్ అల్సర్) చిల్లుపడి, పొట్ట బల్లలా గట్టిపడిన స్థితిలో రైతులు, కూలీలు రాత్రివేళ పల్లెల నుంచి వచ్చేవారట. పేగులను కప్పి ఉండే కొవ్వు పొరను (ఒమెంటం) ఆ చిల్లు మీదికి లాగి, రెండు మూడు కుట్లతో బిగించి, పొట్టంతా సెలైన్‌తో కడిగి మూసే ఆపరేషన్‌లో ఆయన చెయ్యి తిరిగింది ఇక్కడే. అంత పని వచ్చినవాణ్ణి అమెరికాలో మొదటి ఏడాది శిక్షణలో ఉండే ఇంటర్నుగా చేర్చుకున్నారు.

దారి తెరుచుకున్నది 1965లో. దేశాలవారీ కోటాలను రద్దుచేస్తూ అమెరికా వలస చట్టాన్ని మార్చిన ఏడాదే, వృద్ధుల వైద్యం కోసం మెడికేర్ కూడా వచ్చి, అక్కడి ఆసుపత్రులలో డాక్టర్ల అవసరాన్ని పెంచింది. బయటి దేశాల్లో చదివిన డాక్టర్లు అమెరికాలో శిక్షణకు చేరాలంటే రాయవలసిన ఈసీఎఫ్‌ఎంజీ పరీక్షను మన దేశంలో రాయనివ్వని రోజులు కావడంతో మామయ్య కొలంబో వెళ్ళి రాసి వచ్చారు. విమానం ఎక్కేటప్పుడు జేబులో ఉన్నది ప్రభుత్వం అనుమతించిన 8 డాలర్లు.

అప్పట్లో సర్జరీ రెసిడెన్సీ, అంటే ఆసుపత్రిలో పనిచేస్తూ పొందే శిక్షణ, చాలాచోట్ల పిరమిడ్ పద్ధతిలో నడిచేది. మొదటి ఏడాది ఎక్కువమందిని తీసుకుని, ఏటా కొందరిని తప్పించుకుంటూ పోగా, ఆఖరి మెట్టైన చీఫ్ రెసిడెంటు స్థాయికి ఏ ఒకరిద్దరో మిగిలేవారు. అలా తప్పించినవారిలో మామయ్య కూడా ఉన్నారు. మరో రాష్ట్రంలో మరో ఆసుపత్రి వెతుక్కుని, తనకన్నా చిన్నవాళ్ళు ఆపరేషన్ చేస్తుంటే కోత అంచులను విడదీసి ఉంచే రిట్రాక్టరు పట్టుకుని గంటల తరబడి నిలబడి, చివరికి సర్జన్‌గా గుర్తింపునిచ్చే అమెరికన్ బోర్డ్ ఆఫ్ సర్జరీ పరీక్ష గట్టెక్కేసరికి ఆయనకు నలభై దగ్గరపడ్డాయి. అమ్మమ్మకు రాసిన ఉత్తరాలలో మాత్రం "ఇక్కడ అంతా క్షేమం, చలి ఎక్కువ" అన్న మాటలే కనిపిస్తాయి.

"అంత అవమానం ఎలా భరించారు మామయ్యా?" అని అడిగాను.

"అవమానం అనుకుంటూ కూర్చుంటే పని రాదమ్మా. తుపాకీ గాయాలకు తెగిన రక్తనాళం కుట్టడం నేను నేర్చుకున్నది అక్కడే" అన్నారు.

ఆయన జవాబును గౌరవిస్తాను గానీ, ఆ పద్ధతి అన్యాయమైనదనే నా అభిప్రాయం. ప్రభుత్వ ఖర్చుతో తయారైన ఒక మంచి సర్జన్‌ను గుంటూరు పోగొట్టుకుందన్నదీ నిజమే. ఈ రెండూ ఆయన కాదనరు.

అమెరికాలోనే, స్థానిక డాక్టర్లు ఉండడానికి ఇష్టపడని ఒక చిన్న ఊళ్ళో ఆయన స్థిరపడ్డారు. మూడో విడత చదువు అక్కడ మొదలైంది. పొట్ట తెరవకుండా గాల్‌బ్లాడర్ (పిత్తాశయం) తీసే లాప్రోస్కోపీ 1980ల చివర అమెరికాకు వచ్చింది. చేతివేళ్ళతో తడిమి తెలుసుకున్నదాన్నంతా ఇక తెరమీద చూసి పోల్చుకోవాలి. రెండు మూడు రోజుల కోర్సులు చేసి కొందరు తొందరపడ్డ ఆ రోజుల్లో పైత్యనాళం దెబ్బతిన్న కేసులు పెరిగాయి. మామయ్య మాత్రం వయసులో చిన్నవాడైన ఒక సర్జన్‌కు చాలాకాలం అసిస్టెంటుగా నిలబడి, ఆ తర్వాతే సొంతంగా మొదలుపెట్టారు. ఆయన జీవితంలో నేను అన్నిటికన్నా మెచ్చుకునేది ఈ నిర్ణయాన్నే.

ఇప్పుడు రిటైరై, చలికాలం గుంటూరు బ్రాడీపేటలో గడుపుతారు. నాచేత కుర్చీ చేతికి సిల్కు దారం చుట్టించి, ఎడమచేత్తో ముడి వేయమంటారు. రెండో మెలిక మొదటిదానికి ఎదురుగా పడకపోతే వేలితో నొక్కి జార్చి చూపించి, "లోపల ఇది జారితే నీకు తెలిసేది రాత్రి రెండింటికి" అంటారు.

ఎం.ఎస్. చేసి అమెరికా వెళ్దామనుకునే నా స్నేహితులు ఆయన దగ్గరికి వస్తుంటారు. అమెరికాలో డాక్టరు లైసెన్సుకు రాసే యూఎస్‌ఎంఎల్‌ఈ పరీక్ష మార్కుల కంటే ముందు ఆయన వాళ్ళను అడిగేది ఒక్కటే: అక్కడ జనరల్ సర్జరీ సీటు దొరకడమే కష్టం, దొరికినా మళ్ళీ ఐదేళ్ళ రెసిడెన్సీ చేయాలి, దానికి ఇంట్లోవాళ్ళతో కలిసి సిద్ధపడ్డారా అని.