జిరాక్స్ షాపు కంప్యూటర్‌లో సర్ట్‌యుటిల్‌కి ఏం పని?

పర్లాకిమిడిలో మా బావ జిరాక్స్ షాపు కంప్యూటర్‌కి కాపలా పెట్టాలని సెలవు రోజుల్లో నేను చేస్తున్న పని కొంచెం ముందుకు కదిలింది. అటు పాతపట్నం వాళ్ల తెలుగు అర్జీలు, ఇటు ఒడియా అఫిడవిట్లు, ఎవరి పెన్‌డ్రైవ్ అయినా అందులోకే వస్తుంది. యాంటీవైరస్ ఉంది. నా టెన్షన్ వేరే. విండోస్‌తో పాటే వచ్చే టూల్స్‌తోనే దొంగ పని చేసుకుంటే, బయటి ఫైలంటూ ఏదీ లేనప్పుడు యాంటీవైరస్ దేన్ని పట్టుకుంటుంది? 2023 మేలో బయటపెట్టిన వోల్ట్ టైఫూన్ అనే హ్యాకర్ల ముఠా చేసింది ఇదే. డబ్ల్యూమిక్, నెట్‌ష్, పవర్‌షెల్ లాంటి విండోస్ సొంత కమాండ్ టూల్స్‌తోనే అమెరికా కీలక సంస్థల్లో తిష్ఠ వేసింది. జిరాక్స్ షాపు మీదికి వాళ్లెవరూ రారు గానీ, అదే పద్ధతి చిల్లర దొంగలకూ తెలుసు.

ముందు లాగ్, అంటే మెషీన్‌లో జరిగినవి విండోస్ రాసుకునే చిట్టా. ప్రోగ్రాం మొదలైనప్పుడల్లా సెక్యూరిటీ లాగ్‌లో 4688 నంబరుతో ఒక ఎంట్రీ పడేలా పెట్టాను. అది ఒక్కటే పెడితే ఏ ప్రోగ్రాం నడిచిందో తెలుస్తుంది, ఏ కమాండ్‌తో నడిచిందో తెలియదు. దానికి వేరే సెట్టింగ్ ఉంది. విండోస్ హోమ్ ఎడిషన్‌లో ఇలాంటివి మార్చే గ్రూప్ పాలసీ ఎడిటర్ ఉండదు కాబట్టి, విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో మార్చుకోవాలి. కమాండ్‌లో ఎవరైనా పాస్‌వర్డ్ కొడితే అదీ లాగ్‌లోకి ఎక్కుతుంది, గుర్తుంచుకోండి. లాగ్ సైజు మామూలుగా 20 ఎంబీ, షాపులో అది ఇట్టే నిండిపోతుంది. పెంచేశాను. పవర్‌షెల్‌కి స్క్రిప్ట్ బ్లాక్ లాగింగ్ పెడితే 4104 నంబరు ఎంట్రీలో, నడిచిన అసలు కోడ్ కనిపిస్తుంది. పాత పవర్‌షెల్ 2కి ఆ లాగింగ్ లేదు, అందుకే ఆ ఫీచర్ తీసేశాను.

తర్వాత సిస్‌మాన్, ఏ ప్రోగ్రాం ఎలా నడిచిందో ఇంకా వివరంగా లాగ్‌లో రాసే టూల్. మైక్రోసాఫ్ట్‌దే, ఉచితం. నాకు బాగా నచ్చింది ఇందులో 'ఒరిజినల్ ఫైల్ నేమ్' అనే గడి. సర్ట్‌యుటిల్ అని సర్టిఫికెట్ల పనికి విండోస్‌తో వచ్చే టూల్ ఒకటుంది, నెట్ నుంచి ఫైళ్లు దించడానికి దొంగలు దాన్ని వాడుకుంటారు. దాన్ని కాపీ చేసి వేరే పేరు పెట్టి నడిపినా, అసలు పేరు అక్కడ దొరికిపోతుంది. ఇంట్లో వర్చువల్ మెషీన్‌లో చేసి చూశాను.

షాపులో మొదట కనిపించిందంతా గోలే. డీఎల్ఎల్ ఫైళ్లలోని కోడ్‌ని నడిపే విండోస్ ప్రోగ్రాం రన్‌డీఎల్ఎల్32 పొద్దస్తమానం నడుస్తూనే ఉంటుంది, ప్రింటర్ విండో తెరిచినా అదే. దాన్ని ఆపితే బావ నన్ను ఆపుతాడు. కాబట్టి ఏం నడిచింది అని కాక, దాన్ని ఎవరు లేపారు అని చూడటం మొదలుపెట్టాను. ఎక్స్‌ప్లోరర్ నుంచి లేస్తే సరే. వర్డ్ నుంచి పవర్‌షెల్ లేస్తే? అర్జీ టైపు చేసే ఫైలుకి పవర్‌షెల్‌తో పనేంటి?

అందుకే విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్‌లో ఆఫీస్ ప్రోగ్రాంలు ఇంకో ప్రోగ్రాంను లేపకుండా ఆపే రూల్‌ని ముందు ఆడిట్‌లో, అంటే ఆపకుండా నమోదు మాత్రం చేసేలా, పెట్టాను. ఆడిట్‌లో తగిలినవి 1122గా పడతాయి, నిజంగా ఆపితే 1121. ఒడియా టైపింగ్ కోసం వర్డ్‌కి తగిలించిన చిన్న ప్రోగ్రాం ఒకటి 1122లో వచ్చింది. దాని పాత్‌ని మాత్రమే మినహాయించి రూల్‌ని బ్లాక్‌కి మార్చాను. ఫోల్డర్ మొత్తాన్ని మినహాయించడం నాకు ఇష్టం లేదు, అందులో ఇంకేం వచ్చి కూర్చుంటుందో ఎవరికి తెలుసు.

ఫైర్‌వాల్‌లో సర్ట్‌యుటిల్, హెచ్‌టీఏ అనే స్క్రిప్ట్ ఫైళ్లని నడిపే ఎంఎస్‌హెచ్‌టీఏ, రెండూ నెట్‌లోకి వెళ్లకుండా రూల్ రాశాను. విండోస్ ఫోల్డర్లు సిస్టమ్32లోనూ, సిస్‌వావ్64లోనూ ఒక్కో కాపీ ఉంటుంది, రెండిటికీ రాయాలి. రూల్ పాత్‌ని బట్టి పనిచేస్తుంది కాబట్టి వేరే చోట కాపీ చేసుకున్నవాణ్ణి ఇది ఆపదు. అక్కడ సిస్‌మానే దిక్కు. ఇక హెచ్‌టీఏ, జేఎస్ అనే స్క్రిప్ట్ ఫైళ్లు డబుల్ క్లిక్ చేస్తే నడవకుండా నోట్‌ప్యాడ్‌లో తెరుచుకునేలా పెట్టాను. రెండు నిమిషాల పని, చాలామంది చేయరు.

షాపు కుర్రాడికి మామూలు యూజర్ అకౌంట్ ఇచ్చాం. ప్రింటర్ డ్రైవర్ వేయాలంటే బావకి ఫోన్ చేయాలి, అదొక్కటే వాడి ఫిర్యాదు.

ఇక మిగిలింది లాగ్‌ని ఆ మెషీన్ బయటికి తేవడం. అడ్మిన్ హక్కులు దొరికినవాడు సెక్యూరిటీ లాగ్‌ని తుడిచేస్తే అందులో 1102 నంబరు ఎంట్రీ ఒక్కటే మిగులుతుంది, తుడిచారని చెప్పడానికి. ఇంట్లో పాత లాప్‌టాప్ ఒకటి ఖాళీగా ఉంది, దానికి లాగ్ పంపే ఏర్పాటు చేయాలి. కరెంటు పోయినప్పుడు మధ్యలో ఏమేం జారిపోతాయో అప్పుడు చూడాలి.